ఎక్కువుంటే మంచిదనుకున్నం

కరోనా టీకాలు ఏసుకున్నంక మా ఇంట్ల ఒక పిచ్చి పట్టింది. ఒంట్ల యాంటీబాడీలు ఎన్నున్నయో చూసుకునుడు. మా బావ, అంటే మా ఆయన అన్న, ఇంటిల్లిపాదిని కార్ల ఎక్కించుకొని చేవెళ్ల నుంచి మొయినాబాద్ తీస్కపోయి రక్తాలు ఇప్పించిండు. అందరికన్న ఆయనకే ఎక్కువొచ్చినయి. ఇగ చూడు, మా కిరాణ దుకాణంల గల్లా కాడ కూసొని పప్పుకొచ్చినోళ్లకు, నూనెకొచ్చినోళ్లకు అదే కథ. మామకు తక్కువొచ్చినయని అత్త పొద్దుమాపు బాదంపాలు తాపింది. మస్తు నవ్వుకున్నం. యాంటీబాడీలంటే బలం, ఎక్కువుంటే మంచిది. అందరి బుర్రల గదే కూసున్నది.

నాకు లూపస్ అనే రోగం ఉన్నదని తెలిసింది ఆ తర్వాతనే. పొద్దున లేస్తే వేళ్లు పట్టేసి చాయ గిన్నె దించరాకపోయేది. ఎండకు పోతే బుగ్గలు ఎర్రగ కందిపోయేవి. సిటీల డాక్టరమ్మ ఇది పోయే రోగం కాదు, అదుపుల పెట్టుకునే రోగమన్నది. సగం ఇంగ్లీషుల చెప్పింది, బయట జనం కిక్కిరిసి ఉన్నరు. ఆమె ఇచ్చిన గోలీలకు మొఖం బూరె లెక్క ఉబ్బింది కని నొప్పులు తగ్గినయి. నేను అడిగింది ఒక్కటే, పిల్లలు. రోగం సద్దుమణగాలె, రిపోర్టులు మంచిగ రావాలె, అప్పుడు నేనే చెప్త అన్నది.

కొన్ని నెలలకోసారి రక్త పరీక్ష చేయించి రిపోర్టు పట్టుకరమ్మన్నది. సిటీ దాంక ఎందుకని మొయినాబాద్‌లనే రక్తం ఇచ్చేదాన్ని. దుకాణం నంబరు రాయించినం కాబట్టి రిపోర్టు బావ ఫోన్‌కు వచ్చేది. ఆ ఏడాది పెండ్లిళ్ల సీజన్ల వచ్చిన రిపోర్టుల డీఎన్‌ఏ మీది యాంటీబాడీలు బాగ పెరిగినయి. పక్కన హై అని ఉన్నది. బావ దుకాణం ఇడిసిపెట్టి వచ్చి వంటింటి గుమ్మం కాడ నిలవడ్డడు.

“అమ్మా, నీకు నాకంటే ఎక్కువొచ్చినయి. ఇగ ఏ ఫికర్ లేదు.”

అత్త నా నోట్ల చక్కెర పోసింది. రిపోర్టు మంచిగున్నప్పుడు దుకాణం గిరాకీ ఇడిసిపెట్టి సిటీకి ఎందుకు, సీజన్ అయిపోనీ అన్నరు. గోలీలు సుత బలాన్ని తగ్గిస్తయట, ఆపితే మొఖం వాపన్న దిగుతదన్నరు. నాకు సంబురమే. ఒంట్ల నొప్పి లేకపాయె, అంకె పెరగబట్టె, ఎందుకు కాదంట? గోలీలు పక్కకు పెట్టిన. జర దినాలకే నీళ్లోసుకున్న.

అయిదో నెలల కాళ్లు చెప్పులు పట్టకుంట వాచినయి. కడుపుతోని ఉన్నోళ్లకు అది మామూలే అన్నది అత్త. మూత్రంల నురుగు పోతుంటే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాపింది. ఒకనాడు పొద్దున తల పగిలేటంత నొప్పి, కండ్ల ముందల అంత మసక. మా ఆయన కారు తీసిండు, బావ ఎనకనే వచ్చిండు. గండిపేట దాటేదాంక నేను కక్కుతనే ఉన్న.

దవాఖానల డాక్టరమ్మ బావ ఫోన్ తీసుకొని పాత రిపోర్టు చూసింది.

“ఇవి నిన్ను కాపాడే యాంటీబాడీలు కావమ్మా. నీ కిడ్నీలను తింటున్నయి ఇవే. ఇవి పెరిగినయంటే రోగం లేస్తున్నదని. పెరిగిన నాడే రావాల్సింది.”

బావ ఫోన్ తీసుకొని ఆ రిపోర్టు మల్ల చూసిండు. కడుపుల బిడ్డ అప్పటికే పోయిండు. మగపిల్లగాడని నర్సు చెప్పింది. నేను అడగలె, అయినా చెప్పింది.

బావ మీద కోపం లేదా అంటే ఉన్నది, ఎందుకుండదు! ఆయన నా మేలు కోరే చేసిండు. గదే నాకు ఇంక మంట. చెడ్డోడైతే కడుపుల ఉన్నదంత కక్కి తిట్టేదాన్ని. ఇప్పుడు ఆయనకు అన్నం పెట్టి మొఖం తిప్పుకుంట, గంతే.

కిడ్నీలు నిలవాల్నంటే నెలకోసారి గట్టి మందు ఎక్కించాలన్నరు. దాంతోని ముట్టు ఆగిపోవచ్చు, ఇగ పిల్లలు కాకపోవచ్చని ముందుగాలనే చెప్పింది డాక్టరమ్మ. ఈసారి తెలుగులనే, నిమ్మలంగ, రెండుసార్లు చెప్పింది. మా ఆయన నా చెయ్యి పట్టుకొని ఎక్కించండి అన్నడు.

మొన్నటి రిపోర్టుల యాంటీబాడీలు మామూలుకొచ్చినయి. ఇంత మంచి రిపోర్టు నీకెప్పుడూ రాలేదని డాక్టరమ్మ నవ్వింది. ఇంటికొస్తే అత్త నా పక్కకొచ్చి, తగ్గితే మంచిదేనా బిడ్డా అని మెల్లగ అడిగింది. మంచిదే అత్తా అన్న. మరి పిల్లలకు డాక్టరమ్మ ఒప్పుకుంటదా అని అత్త అడగలె. మా ఇంట్ల ముట్టయితే మూడు దినాలు వంటింట్ల అడుగు పెట్టొద్దు. ఏడాది సంది నేను ఒక్కపూట సుత వంట ఆపలె, అత్త చూస్తనే ఉన్నది.