చీటీలు పీకేసిన చీరలు

వన్ టౌన్ బట్టల కొట్లోనే నా భార్య రెండు పట్టుచీరల ధర చీటీలూ పీకేసింది. దసరాకు మా అక్కకూ చెల్లికీ ఒకే ధర చీరలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. తొంభైల్లో ఆ ఏడు రొయ్యలకు తెగులొచ్చి అక్కావాళ్ల చెరువులు పోయాయి. పెళ్లిళ్లకు కూడా ఆమె పాత చీరలతోనే వచ్చేది. ఆమెకు ఈసారి ఎక్కువ పెట్టాలనుకున్నాం. ఎక్కువ పెట్టినట్టు తెలిస్తే నొచ్చుకుంటుంది. అందుకే చూడ్డానికి ఒకేలా ఉన్నవి, ఒకటి ఖరీదైనది, ఒకటి చౌకది తీసుకున్నాం.

పండగనాడు అక్క రెండింటి జరీనీ వేలితో తడిమింది.

"నాది బరువుగా ఉందే, ఆ తేలికది నాకివ్వు" అంది చెల్లితో.

"రెండూ ఒకటే గదక్కా, నీ చాదస్తం" అంటూనే చెల్లి మార్చుకుంది.

అక్క ధర పసిగట్టిందో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.