చేవెళ్ల నుంచి చిన్న మంగళారం: ఆయన పేరు పలికిన రోజు

అక్కా, మీ బ్లాగులో పెడతానన్నారని రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. తప్పులకూ, కోడి కెలికినట్టున్న ఈ రాతకూ ఏమనుకోకండి.

మా ఆయన చిన్న మంగళారం దగ్గర ఒక ఫారంహౌసులో వాచ్‌మన్. నన్నూ తీసుకుపొమ్మంటే, "ఓనరు ఆడోళ్లను రానియ్యడు" అనేవాడు. ఈసారి దసరాకూ రాలేదు, ఫోన్లూ తగ్గించాడు. ఆయన్ని ఎట్లాగైనా ఇంటికి తెచ్చుకోవాలని, అత్తమ్మకు దవాఖానకని చెప్పి బయలుదేరాను.

చేవెళ్లలో పొద్దున ఎనిమిదింటికి మెహదీపట్నం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు అక్కర్లేదు. ముప్పావు గంటలో మొయినాబాద్‌లో దిగాను. అక్కడి నుంచి లోపలికి ఆటోనే దిక్కు. నూటయాభై అడిగిన డ్రైవరన్న వందకు ఒప్పుకున్నాడు.

"ఆడ చుట్టాలున్నరా చెల్లె?"

"మాకు తెలిసినాయన వాచ్‌మన్ చేస్తడన్నా. ఒక్కడే ఉంటడు."

ఆయన నవ్వాడు. "ఒక్కడా? గీ ఫారంహౌసులల్ల ఒంటి మొగోణ్ని ఎవ్వలు పెట్టుకోరు. ఆలుమొగలుంటెనే పని. ఆయన గేటు సూడాలె, ఆమె ఊడ్వాలె, వండాలె."

మా ఆయన ఫోటోలో చూపించిన నీలం గేటు దగ్గర దిగాను. చీపురు పట్టుకొని ఒకామె వచ్చింది.

"ఎవలు గావాలె?"

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పెళ్లయ్యాక నేనూ ఎన్నడూ పలకలేదు. ఇప్పుడు పలకక తప్పలేదు. ఆ సిగ్గుకూ భయానికీ, "యాదగిరన్న..." అనేశాను.

"మా ఆయననే! ఎండల నిలవడ్డవేంది, లోపటికి రా చెల్లె." వెనక్కి తిరిగి కేకేసింది. "ఓ... ఇగ జూడు, నీ కోసం ఎవలో వచ్చిన్రు!"

గడ్డికి నీళ్లు పెడుతున్న మా ఆయన తల తిప్పాడు. చాలాసేపు నీళ్లు ఒక్కచోటే పడ్డాయి.

"మా ఊరి చెల్లె," అన్నాడు ఆమెతో.

"గట్లనా! చాయ్ తాగి పో మరి."

నేను మంచినీళ్లు అడిగాను. తాగి వచ్చేశాను.

ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నవా?" అనేవాడు. ఆ ఒక్క మాట మీదనే ఇన్నాళ్లు బతికాను. నేనెలాంటిదాన్నో ఆ గేటు దగ్గరే నాకు తెలిసింది. నా మొగుడని అరవాల్సిన చోట మంచినీళ్లు అడిగే మనిషిని. సాయంత్రం వంట చేస్తుంటే, "దవాఖానల ఏమన్నరు?" అంది అత్తమ్మ. "ఏం లేదన్నరు," అని చెప్పాను.

ఆ దిక్కు వెళ్లే అక్కలు తెచ్చిన ఆటోను గేటు దగ్గరే ఆపుకోండి. లోపలి రోడ్లలో మళ్లీ దొరకదు. నేను ఎండలో మొయినాబాద్ దాకా నడిచాను.

పేర్లు మార్చి టైపు చేసుకున్నాక ఈ కాగితాన్ని పొయ్యిలో పెట్టండి అక్కా. మా ఊళ్లో అందరూ ఆయన్ని ఇంకా మంచోడనే అనుకుంటున్నారు. అనుకోనీయండి.