ఒక్క తేట స్ఫటికం

మా ఎదురు వాటాలో ఉండే ఫిజిక్స్ మేడంగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం కాకినాడ ఆసుపత్రి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అమలాపురంలో మేమిద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పాం, నేను తెలుగు, ఆవిడ ఫిజిక్స్. ఈ నాలుగు మాటలు రాయాల్సింది సైన్సు తెలిసినవాళ్ళు. వాళ్ళెవరూ రాయరు. ఆవిడ పూర్తి చేసిన పరిశోధన ఏదీ లేదు మరి.

ఆవిడకు కావలసింది ఒక్కటే. బొటనవేలంత స్ఫటికం, లోపల మచ్చ లేకుండా. వంటింటి అరుగు మీద హీటరు పెట్టిన వేడినీళ్ళ తొట్టి, అందులో ద్రావణం ఉన్న బీకరు, మధ్యలో దారానికి కట్టిన చిన్న స్ఫటికపు పలుకు. ఆ వేడి రోజుకు కాస్త చొప్పున తగ్గుతూ ఉంటే పలుకు పెరుగుతుంది. పెరిగినదాన్ని మళ్ళీ వేడిచేస్తే ఒకానొక వేడి దగ్గర లోపలి అమరిక ఉన్నట్టుండి మారిపోతుందట. ఆ మార్పును కొలవాలని ఆవిడ ఆశ.

"చలికి కొబ్బరినూనె గడ్డకడితే మీకు కనపడుతుందండి. ఇది కనపడదు. పైకి అలాగే ఉంటుంది, లోపల మాత్రం ఇంకోటైపోతుంది," అనేవారు.

మా ఊరి కరెంటు సంగతి చెప్పాలా? కోత పడగానే హీటరు ఆగిపోయేది, స్ఫటికం బియ్యం కడిగిన నీళ్ళలా మసకబారేది. ఇన్వర్టరు కొన్నారు. అది ఫ్యానును తిప్పింది గాని హీటరును మోయలేకపోయింది.

ఒక్కసారి మాత్రం తేటగా పెరిగింది. ఆ రోజు తాళంచెవి ఇంటివారి మామ్మగారికిచ్చి కాలేజీకి వచ్చారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం మేం వెళ్ళేసరికి స్ఫటికం కరిగిపోయి, బీకరులో దారం ఒక్కటే వేలాడుతోంది.

"తొట్టిలో నీళ్ళు చల్లారిపోతన్నాయని పొయ్యి మీద కాచి పోసేనమ్మా. మంచి పని చేసేనా?" అన్నారు మామ్మగారు.

"ఆయ్, మంచి పనే చేసేరండి," అన్నారు మేడంగారు. లోపలికి వెళ్ళి పీట మీద కూలబడ్డారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

పీహెచ్‌డీకి యూనివర్సిటీవారు ఇచ్చిన గడువు ఆ సంవత్సరమే అయిపోయింది. అయినా కొత్త పలుకు కట్టారు.

"ఇంకా ఎందుకండీ మేడంగారూ?" అని విసుక్కున్నాను.

"పొద్దున్న లేవగానే చూసుకోడానికి ఏదో ఒకటుండాలి కదండీ," అన్నారు. అదీ మసకబారింది. ఆ తర్వాత జబ్బు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒంట్లో ఎలా ఉందో చెప్పకుండా, "అక్కడ కరెంటు ఉందాండీ?" అని అడిగేవారు. లేకపోయినా ఉందనే చెప్పేదాన్ని.

నిన్న తమ్ముడు వచ్చి వాటా ఖాళీ చేశాడు. బీకరులో ఉన్నది పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోయబోయి, "చెట్టుకేమైనా అవుద్దాండీ?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. బావిగట్టు మీద పారబోశాడు. మధ్యాహ్నానికి ఎండకు తెల్లటి పొడి మిగిలింది. చీమలు కూడా దాని జోలికి పోలేదు.