కత్తెరక్క మింగిన సుద్ద

కత్తెరక్కకు ఆ పేరు చేతిలో కత్తెర వల్ల వచ్చిందా, నోట్లో కత్తెర వల్ల వచ్చిందా అంటే ఆ కుట్టు కార్ఖానాలో ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండూ పదునే. పాత భవనంలో పై అంతస్తు మొత్తం ఆ కార్ఖానాదే. కిటికీల పొడుగునా మిషన్లు, మధ్యలో మంచమంత వెడల్పున్న కటింగ్ బల్ల, మూలన ఇస్త్రీ బల్ల. బడిపిల్లల చొక్కాలు, ఆసుపత్రి కోట్లు కుడతారక్కడ. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, అట్ట నమూనాలు పెట్టి, సుద్దతో గీతలు గీసి, వాటి వెంబడి కోత మిషన్ నడపడం కత్తెరక్క పని. ఆమె గీత ఒక్కటి వంకరపోతే ఆ పొరల్లో ఉన్న చొక్కాలన్నీ వంకరే. పెళ్ళయిన కొత్తలో చేరిన మనిషి, నలభై దాటినా ఒక్క గుడ్డ పాడు చేయలేదు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా తనే చూసుకునేది.

మధ్యాహ్నం పూట ఎవరైనా మిషన్ మీద తల వాల్చారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. "ఏమ్మా, దిండు తెప్పించమంటావా? దుప్పటి కూడానా?" అని బల్ల దగ్గర్నుంచే కేకేసేది. అందరూ నవ్వేవాళ్ళు. తల వాల్చినమ్మ కూడా నవ్వాల్సిందే, లేకపోతే ఇంకోటి వినాలి. అలసట అనే మాటే కత్తెరక్కకు గిట్టేది కాదు. బద్ధకానికి పెట్టుకున్న ముద్దుపేరు అంటుండేది.

అలాంటి మనిషికే ఏడాదిగా మెట్లెక్కడం కష్టమైంది. మధ్యలో రెండుసార్లు ఆగి, చెప్పులో రాయి పడ్డట్టు నటించి, గుండె దడ తగ్గాక మళ్ళీ ఎక్కేది. దువ్వెన నిండా జుట్టే. పెదవుల మూలలు పగిలి, నోరు తెరిస్తే మండేవి. గోళ్ళు పలచబడి మధ్యలో గుంటలు పడ్డాయి, గుడ్డ మీద చెయ్యి రాస్తే పోగుల్లో చిక్కుకుని చిట్లేవి. పడుకుంటే కాళ్ళలో చీమలు పాకినట్టుండి ఆడిస్తూనే ఉండేది. "నిద్రలో కూడా మిషన్ తొక్కుతున్నావా ఏంటి?" అన్నాడు మొగుడు ఒకరోజు. ఇంకోరోజు, "మొహమేంటి, ఉతికి ఆరేసినట్టు తెల్లబడిపోయింది?" అన్నాడు. ఎండలో తిరగడం లేదుగా, రంగొచ్చిందిలే అని కొట్టిపారేసింది.

అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నెలసరి వస్తే వారం దాటినా ఆగేది కాదు. కోతలో మిగిలిన మెత్తటి ముక్కలు మడతల మీద మడతలు పెట్టుకున్నా చాలేవి కావు. ఆ రోజుల్లో ఏప్రాన్ ముందొకటి, వెనకొకటి కట్టుకుని, కూర్చోవడానికి భయపడి నిలబడే పని చేసేది. అది చూసి మేడమ్ అందరితో, "చూడండి, ఆవిడ ఒక్క నిమిషం కూర్చోదు" అని మెచ్చుకునేది. మేడమ్ అంటే యజమానురాలు. కత్తెరక్క ఆ మెప్పు కూడా నోరు మూసుకుని పుచ్చుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ మామూలే అనుకుంది. తిండి కూడా అంతంతమాత్రమే. ఆకలి తగ్గి, నాలుగు ముద్దలు తిని, మీద గ్లాసెడు చిక్కటి టీ తాగేది. చాలా రోజులు ఆ నాలుగు ముద్దలూ లేకుండా టీయే భోజనం.

ఇక సుద్ద సంగతి. అది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, ఆమెకెంత సిగ్గుగా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఒకరోజు కొత్త పెట్టె తెరిచినప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలింది. తడి గోడ వాసన. నోట్లో నీళ్ళూరాయి. గీత గీసిన వేలు నాలుక మీద రాసుకుంది. మర్నాడు ఒక అంచు కొరికింది. నెల తిరిగేసరికి ఏప్రాన్ జేబులో ముక్కలు లేకుండా ఉండలేని స్థితికొచ్చింది. గుడ్డ తాన్ల వెనక్కి వెళ్ళి, ఏదో రంగు గుడ్డ వెతుకుతున్నట్టు వంగి, కరకరమని నమిలి మింగేసేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. మింగిన ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేది. ఇంత వయసొచ్చి, ఇంతమందికి బుద్ధులు చెప్పే మనిషి, పసిపిల్లలా సుద్ద తింటోందని తెలిస్తే? ఆ ఆలోచనకే ఒళ్ళు చచ్చిపోయేది. అయినా చెయ్యి జేబులోకి వెళ్ళేది.

సుద్దపెట్టెలు తరిగిపోవడం మేడమ్ కంట పడనే పడింది. ఒక ఉదయం అందరి ముందూ అడిగింది.

"మొన్ననే కదా తెప్పించాను? అప్పుడే అయిపోయాయంటే ఎట్లా? తింటున్నారా ఏంటి?"

అందరూ గొల్లున నవ్వారు. జేబు మీదకు వెళ్ళబోయిన చేతిని కత్తెరక్క బల్ల మీద పెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకూడదు, ఏదో ఒకటి అనాలి, త్వరగా అనాలి, నవ్వేలా అనాలి. అప్పుడే తలుపు దగ్గర పిన్ని చెత్తబుట్ట ఎత్తుతూ కనిపించింది. పిన్ని అంటే ఎవరికీ సొంత పిన్ని కాదు. పొద్దున్నే వచ్చి ఊడ్చి తుడిచే పెద్దావిడ. మాట తక్కువ.

"ఏం పిన్నీ," అంది కత్తెరక్క నవ్వుతూ, "మీ ఆయన వడ్రంగి కదా, చెక్కల మీద గీతలు గీయడానికి బాగా పనికొస్తున్నాయా మా సుద్దలు?"

మళ్ళీ నవ్వులు. కానీ మేడమ్ నవ్వలేదు. అందరికంటే ముందు వచ్చేది పిన్నే, కార్ఖానాలో ఒంటరిగా ఉండేదీ పిన్నే. మేడమ్ మొహంలో ఆ లెక్క తేలడం కత్తెరక్కకు కనపడింది.

"నిజమేనా పిన్నీ?"

పిన్ని చెత్తబుట్ట కింద పెట్టింది. "మా ఆయన పెన్సిల్‌తో గీస్తాడమ్మా. సుద్ద గీత లావు. దాని మీద కోస్తే చెక్క కుదరదు."

ఆ మాట నిజమని అక్కడ అందరికంటే బాగా తెలిసింది కత్తెరక్కకే. గీత లావైతే కోత తప్పుతుందని కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ చెప్పేది తనే కదా. నోరు తెరిస్తే ఒక్క మాటతో పోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. పిన్ని ఆమె వైపే కాసేపు చూసి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదులే అన్నారు మిషన్ల దగ్గర. కత్తెరక్క ఆ మాటా విన్నది. విని, తాన్ల వెనక్కి వెళ్ళి, ఆ పూట కూడా తింది.

తరవాత ఎన్నో రోజులు గడవలేదు. ఒక మధ్యాహ్నం కోసిన ముక్కలు కట్టలు కడుతుంటే కాజాలు కుట్టే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ వచ్చి, "అక్కా, ఇవన్నీ ఎడమ చేతులేనే! కుడి చేతులేవి?" అంది. కత్తెరక్క చూసింది. నమూనా తిరగేయడం మరిచిపోయింది. చొక్కాలన్నిటికీ రెండేసి ఎడమ చేతులు. ఇంకెవరైనా చేసుంటే ఆమె ఆ నెలంతా దాని మీదే బతికేది. ఎవరో కిసుక్కున నవ్వారు. సమాధానం చెప్పబోయింది, కళ్ళ ముందు బల్ల తెల్లగా అయిపోయి, బల్ల కిందే కూలబడింది.

వదినే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. అక్కడ ఎర్రగా ఉండాల్సింది కాగితంలా ఉంది. నాలుక చూసింది, గోళ్ళు తిప్పి చూసింది.

"నెలసరి ఎక్కువగా అవుతుందా?"

"మామూలేనండీ."

"మట్టి, సుద్ద, పచ్చి బియ్యం, ఐసుముక్కలు, ఇలాంటివేమైనా తినాలనిపిస్తుందా?"

కత్తెరక్క వదిన వైపు చూసింది. "అబ్బే. అదేం మాటండీ? మాకు తిండి లేకనా?"

డాక్టరమ్మ వదినను రక్తపరీక్ష చీటీ ఇచ్చి రమ్మని పంపి, తలుపు వేసి, మళ్ళీ అవే ప్రశ్నలు అంతే మామూలుగా అడిగింది. ఈసారి కత్తెరక్కకు ఏడుపొచ్చింది. ముక్కలు ముక్కలుగా అన్నీ చెప్పింది, ఏప్రాన్లతో సహా.

"ఒంట్లో ఐరన్ అడుగంటిందమ్మా. దానితోనే రక్తం తయారయ్యేది. రక్తం లేకపోతే ఆయాసం, దడ, కళ్ళు తిరగడం, జుట్టు రాలడం, కాళ్ళు లాగడం అన్నీ వస్తాయి. సుద్ద మీద మనసు పోవడం కూడా చాలామందిలో దాని లక్షణమే. నీ బుద్ధి చెడి కాదు. తింటే మాత్రం ఇంకా చెడుపు, తిన్నదాంట్లో ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. అన్నంతో పాటు తాగే టీ కూడా అంతే. కానీ అసలు కన్నం వేరే ఉంది. నెలనెలా అంత పోతుంటే ఎంత తిన్నా నిండదు. గర్భసంచిలో గడ్డలేమైనా ఉన్నాయేమో స్కాన్ తీయాలి. అది మామూలు కాదు, ఎవరు చెప్పారు మామూలని?"

ఎవరూ చెప్పలేదు. తనే చెప్పుకుంది.

మాత్రలు రాసింది. టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకోమంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దంది. పరీక్షలో రక్తం ఉండాల్సినదాంట్లో సగం కాస్త దాటి ఉందని తేలింది. మాత్రలతో పెరగకపోతే ఐరన్‌నే నరం ద్వారా ఎక్కిస్తామంది.

ఇంటికొస్తుంటే కత్తెరక్కకు ఒళ్ళు తేలికైంది. జబ్బట! జబ్బయితే ఇంక సిగ్గేముంది? జ్వరమొచ్చినవాడు వణికినందుకు సిగ్గుపడతాడా? ఆ ధైర్యంతోనే మర్నాడు రిపోర్టు పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళింది. సందు చివర రెండు గదులు. ముందు వసారాలో ముసలాయన చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చెవి మీద పెన్సిల్ ఉంది. అది చూడగానే తెచ్చుకున్న ధైర్యంలో సగం జారిపోయింది.

పిన్ని కూర్చోమని, మంచినీళ్ళిచ్చింది. కత్తెరక్క రిపోర్టు విప్పి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. సుద్ద తిన్నది తనేనంది. జబ్బు వల్లేనంది. రెండుసార్లు అంది.

పిన్ని అంతా విన్నది. "నయమవుతుందా?"

"అవుతుందట పిన్నీ."

"మంచిది. మందులు మానకు." రిపోర్టు మడిచి ఇచ్చేస్తూ అడిగింది, "మరి ఆ రోజు మా ఆయన పేరెత్తావు కదా, అదీ జబ్బు వల్లేనా?"

ఆసుపత్రిలో కత్తెరక్కకు రక్తం తీశారు, కళ్ళు చూశారు, గోళ్ళు చూశారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ పరీక్షలోనూ రాలేదు. సుద్ద తినేటప్పుడు చెయ్యి తన మాట వినలేదు, నిజమే. కానీ ఆ మాట అనేటప్పుడు నాలుక తన మాటే విన్నది. దొరికిపోతానని భయపడి, ఎదురు చెప్పలేని మనిషిని చూసి మరీ ఎంచుకుంది. అది తలుచుకుంటే తల తీసేసినట్టయింది.

"మేడమ్‌తో చెప్తాను పిన్నీ. లోపలికెళ్ళి, నిమ్మళంగా..."

"లోపల కాదు," అంది పిన్ని. "ఆయన పనికి వెళ్ళిన చోట కూడా అడిగారు, మీ ఆవిడ ఎందుకు మానేసిందని. నన్ను పదిమందిలో అన్నావు. పదిమందిలోనే చెప్పు. రేపు వస్తాను."

చెప్పినట్టే వచ్చింది. తలుపు దగ్గర, గడప దాటి లోపలికి రాకుండా నిలబడింది. కత్తెరక్క బల్ల పక్కన నిలబడి అందర్నీ మిషన్లు ఆపమంది. ఎప్పట్లాగే ఏదో వేళాకోళం అనుకుని అప్పుడే సగం నవ్వు మొహాలు పెట్టుకున్నారు. ఆమెకూ నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. దాంతో మొదలుపెడితే అందరూ నవ్వేస్తారు, ఆ నవ్వులో సంగతి కొట్టుకుపోతుంది. మింగేసింది.

"సుద్దలు తీసింది నేను. తిన్నాను. పిన్నికీ, వాళ్ళాయనకీ ఏ సంబంధం లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత కిటికీ వైపు నుంచి, "తిన్నావా?" అన్నారెవరో, ముసిముసి నవ్వు మొదలై వరస వెంట పాకింది. కత్తెరక్క చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళుగా ఆ నవ్వుకు వీళ్ళను అలవాటు చేసింది తనే.

మేడమ్‌కు జాలేసింది. "ఊరుకోండర్రా. పాపం, రక్తం లేక అట్లా అయిందట. వదిన చెప్పింది. జబ్బు మనిషి, ఏదో నోరు జారింది. పోనీలే పిన్నీ, మనసులో పెట్టుకోకు."

తలుపు తెరిచి మరీ దారి చూపించినట్టు చెప్పింది మేడమ్. ఒక్కసారి తలూపితే చాలు. కత్తెరక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"తినడం జబ్బే మేడమ్. అనడం జబ్బు కాదు. నోరు జారలేదు. మీరు నన్ను అనుమానిస్తారని తెలిసే ఆవిడ మీదకు తోశాను. వాళ్ళాయన సుద్ద వాడడని కూడా నాకు తెలుసు."

నవ్వు ఆగిపోయింది. వదిన తల దించుకుంది. ఇప్పుడెవరూ ఆమె వైపు చూడటం లేదు, ఒక్క పిన్ని తప్ప.

పోనీలే అంటుందేమో అనుకున్నారంతా. పిన్ని అనలేదు.

"ఆయన కింద నిలబడ్డాడు," అంది. "మోకాళ్ళ నొప్పి, ఎక్కలేడు. ఆయనకీ చెప్పు."

కత్తెరక్క ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, పిన్ని పక్కనుంచి మెట్ల దగ్గరకు నడిచింది. సగం దిగేసరికి గుండె దడ పుట్టింది. ఈసారి చెప్పులో రాయి ఉన్నట్టు నటించలేదు. గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక మిగతావి దిగింది.