వలలో పడ్డ నా చేతిరాత

2012 మే నెల. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ల నడుమ నాదొక చిన్న ఎలక్ట్రికల్ దుకాణం. నూలు ధర పెరిగి, కరెంటు కోతలు ముదిరి సగం షెడ్లకు తాళాలు పడ్డ రోజులవి. మగ్గాలను తుక్కు కింద తూకానికి అమ్ముకుని కొందరు భీవండికి, కొందరు గల్ఫ్‌కు పోతున్నారు. రోజంతా నేనూ, నా ఫ్యానూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. కరెంటు లేనప్పుడు అదీ తిరిగేది కాదు.

ట్యూబ్‌లైట్ అమ్మినప్పుడు గ్యారంటీ తేదీ వేసి ఇవ్వాలి. పెన్నుతో రాస్తే చెరిగిపోతుందని నేను ట్యూబ్ చివరి అల్యూమినియం క్యాప్ మీద మేకుతో నెల, సంవత్సరం, పక్కన నా పేరులోని మొదటి అక్షరం గీకేవాణ్ణి. గడువులోగా మాడిపోతే ఆ గీతలు చూసి కొత్తది ఇచ్చేవాణ్ణి. నా గీతను ఇంకెవరూ గీకలేరని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వాన్ని ఒక పొద్దున గంగారాం గోనెసంచిలో మోసుకొచ్చాడు. ఊరి చివరి కుంటలో చేపలు పెంచే సంఘం మనిషి. ఆరేళ్లు మస్కట్‌లో పెద్ద పెద్ద భవనాల మెయింటెనెన్స్ పని చేసి, ఇక పోనని ఒట్టు పెట్టుకుని అంతకుముందు ఏడాది తిరిగొచ్చాడు. తెచ్చిందంతా చేపపిల్లల మీద పెట్టాడు. తడి సంచిని నా కౌంటర్ మీద దించి, ఒక ట్యూబ్ బయటికి తీశాడు.

"సేటూ, గీ అక్షరం ఎవరిది?"

"నాదే. గిది నీకెక్కడిది?"

"వలల పడ్డది. వల సుత చినిగింది. కుంటల గిసొంటి సంచులు ఇంకెన్నున్నయో. అండ్ల పడెయ్యుమని ఎవడు చెప్పిండు?"

చెప్పింది నేనే. మాడిన ట్యూబులు గల్లీలో పగిలి కాళ్లకు గుచ్చుకుంటున్నాయని, "సంచిలేసి, రాయి గట్టి కుంటల పడెయ్యుర్రి, గాడ ఎవ్వరు నడుస్తరు?" అంటూ షెడ్డు షెడ్డుకూ సలహా పంచాను. షెడ్లు మూసేసిన వాళ్లు ఉన్న ట్యూబులన్నీ దింపి మరీ నా మాట విన్నారు. లోకానికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

"అండ్ల పాదరసం ఉంటది సేటూ," అన్నాడు గంగారాం. "మస్కట్‌ల ఒక్క ట్యూబ్ పల్గితె మమ్ముల బయటికి పంపి కిటికీలు తెరిచేటోళ్లు. మాడినయి వేరే డబ్బల పెట్టి కంపెనీకి పంపేటోళ్లు. ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్నవ్, నీకు ఎర్క లేదా?"

లేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉందట. నేను దాని మీద ధర తప్ప ఇంకేదీ చదివిన పాపాన పోలేదు.

మృగశిర కార్తెకు ఇరవై రోజులు కూడా లేవు. ఆ రోజు మా వైపు చేప వండని ఇల్లు తక్కువ. గంగారాం ఏడాది కష్టం ఆ ఒక్క పొద్దున అమ్ముడుపోవాలి. పోకపోతే మళ్లీ మస్కటే. పైగా కూతురు లావణ్య ఐదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి, నాన్న కుంట చేపల కోసం ఎదురుచూస్తోంది.

"గీ ముచ్చట మన నడుమనే ఉండనియ్యి గంగారాం. కొత్త వల నేనిప్పిస్త. బయటవడితె నీ చాపలు ఎవ్వడు కొనడు," అన్నాను.

"నా బిడ్డకు పెట్టంది ఊరోళ్లకు పెడ్తనా సేటూ?"

అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నా తల వంగిపోయింది.

వెంటనే మా అక్క బిడ్డ స్వరూపకు ఫోన్ చేశాను. కోరుట్లలో ఉంటూ జగిత్యాల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మరునాడే బస్సెక్కి వచ్చి, కుంట గట్టు మీద నాకు పాఠం చెప్పింది.

"మామా, ఒక్క ట్యూబ్‌ల ఉండేది చుక్కంత గూడ కాదు. గని నువ్వు సంచులకు సంచులు ఏపిస్తివి. అది బురదలకు దిగుతది. బురదల పురుగులను చిన్న చాప తింటది, చిన్న చాపను కొర్రమట్ట తింటది. పెద్ద చాపకు పోయేసరికి పాదరసం జమైతది. కడుపుతోని ఉన్నోళ్లు గది తింటె లోపలి పిల్ల మెదడుకు దెబ్బ. ఉట్టి నీళ్లు చూస్తె సరిపోదు, చాప కండనే టెస్ట్ జేయించాలె."

గంగారాం రకానికి రెండు చేపలు పట్టి ఐస్‌లో పెట్టి ఇచ్చాడు. వాటిని స్వరూపే హైదరాబాద్ ల్యాబ్‌కు తీసుకుపోయింది.

మేం కుంటలో దిగాం. ఎండాకాలం కాబట్టి నీళ్లు నడుము లోతే. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు. పగలని ట్యూబులను ప్లాస్టిక్ డ్రమ్ములో నిలువుగా పెట్టాలి. పగిలిన ముక్కలను అట్టతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయాలి. అంతా స్వరూప ఆజ్ఞ. నేను రెండుసార్లు బురదలో చతికిలపడ్డాను. అప్పటికే షెడ్డు మూసేసిన నర్సయ్య గట్టు మీద నిలబడి పకపకా నవ్వాడు.

"ఇరవై ఏండ్లు దుకాణంల అమ్మిండు, ఇప్పుడు కుంటల ఏరుకుంటుండు!"

"నవ్వు నవ్వు. గీ సంచి నీ షెడ్డుదే, కట్టు చూడు," అన్నాను.

నర్సయ్య కట్టును గుర్తుపట్టాడు. నవ్వు ఆపి, పంచె ఎగగట్టి దిగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు దిగారు. మూడు రోజుల్లో కుంటలోని సంచులన్నీ బయటికి తీశాం. గట్టిగా కట్టిన సంచుల్లో చాలా ట్యూబులు పగలకుండానే ఉన్నాయి. నా సలహా మొత్తంలో పనికొచ్చింది ఆ కట్టు ఒక్కటే. డ్రమ్ములను హైదరాబాద్‌లో పాత ట్యూబుల పాదరసం వేరుచేసే కంపెనీకి పంపాం.

కార్తెకు నాలుగు రోజుల ముందు రిపోర్టు వచ్చింది. రవ్వ, బొచ్చె చేపల్లో పాదరసం హద్దుకు చాలా కిందే ఉంది. కొర్రమట్టలో హద్దు దాటలేదు కానీ మిగతావాటికన్నా ఎక్కువ. గర్భిణులు, చిన్నపిల్లలు ఈ ఏడాదికి అది తినకపోతే మంచిదంది స్వరూప. అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేది కొర్రమట్టే. అయినా గంగారాం ఒక్క కొర్రమట్ట కూడా అమ్మకానికి పెట్టలేదు.

మృగశిర పొద్దున గట్టు మీద జనం. గంగారాం రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి తక్కెడ పక్కన వేలాడదీశాడు.

"కుంటల ట్యూబులు పడ్డయి. తీసినం. పరీక్ష జేయించినం. గిదీ కాయిదం, సదువుకొని కొనుర్రి!"

జనం గుసగుసలాడుకున్నారు. ఇద్దరు ముగ్గురు సంచులు మడుచుకుని వెనక్కి తిరిగారు. అప్పుడు లావణ్య పళ్లెంలో అన్నం, రవ్వ చేప కూర పెట్టుకొచ్చి, గట్టు మీద అందరి ముందూ కూర్చుని తినడం మొదలుపెట్టింది. తండ్రి వైపు చూసి, "కారం తక్కువైంది నాయినా," అంది. జనం గొల్లున నవ్వారు. వెనక్కి తిరిగినవాళ్లు మళ్లీ తక్కెడ దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నానికి బుట్టలు ఖాళీ. గంగారాం మళ్లీ మస్కట్ మాట ఎత్తలేదు.

ఆ రోజే దుకాణం ముందు బోర్డు పెట్టాను: పాత ట్యూబ్ తెస్తేనే కొత్త దానికి గ్యారంటీ. "రేపు పాత చెప్పులు తెమ్మంటవా?" అని నర్సయ్య ఎగతాళి చేశాడు కానీ, మొదట తెచ్చింది ఆయనే.

దుకాణం కట్టేసే వేళకు గంగారాం ఒక రవ్వ చేప తెచ్చి ఇచ్చాడు. దాని దవడకు అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఆనాటి తేదీ, పక్కన 'గ' అనే అక్షరం.

"గ్యారంటీ సేటూ. తేడా అస్తె వాపస్ తే."

గ్యారంటీ అంటే వస్తువు వెలిగినన్నాళ్లేనని ఇరవై ఏళ్లు అనుకున్నాను. మాడిపోయాక కూడా దాని మీది చేతిరాత నాదేనని నేర్పింది గంగారాం. ఆ అట్టముక్క ఇప్పటికీ నా కౌంటర్ అద్దం కింద ఉంది. చేప మాత్రం ఆ పూటకే అయిపోయింది.