ఘనీ సాబు రాసిన క్షేమ సమాచారాలు

ఎల్లారెడ్డి పోస్టాఫీసు గోడ నీడన, రేకు పెట్టె ముందేసుకుని కూర్చునే ఘనీ సాబుకు లోకమంటేనే చిన్నచూపు. చదువు రానివాళ్ళను చూసి నవ్వేవాడు, వచ్చినవాళ్ళ చేతిరాత చూసి అంతకన్నా నవ్వేవాడు. ఊళ్ళో మాస్టరు రాసిన కార్డును కూడా చూపుడు వేలితో ఎత్తిపట్టుకుని, "గిది రాతనా, కోడి కెలికిందా?" అనేవాడు. పాపం, ఆ మాస్టరు అక్కడే నిలబడి ఉన్నా సరే.

డెబ్బై నాలుగులో మొదలైంది ఆయన కొలువు. అప్పుడప్పుడే మనవాళ్ళు సౌదీకీ దుబాయికీ విమానాలెక్కుతున్నారు. వెళ్ళినవాళ్ళు సంతకం దాటి రాయలేరు, ఇక్కడున్న ఆడవాళ్ళకు అది కూడా రాదు. మధ్యలో ఘనీ సాబు. ఉర్దూలో అడిగితే ఉర్దూలో, తెలుగులో అడిగితే తెలుగులో నీలం రంగు విమానపు ఉత్తరం మీద ముత్యాలు పేర్చినట్టు రాసేవాడు. "ఇక్కడ అందరం క్షేమం" అని మొదటి వరుస. ఇల్లు కాలిపోతున్నా మొదటి వరుస అదే.

అంతటితో ఆగితే ఈ కథే లేదు. ఒకామె వచ్చి కళ్ళొత్తుకుంటూ "మా అత్త నన్ను మనిషి లెక్క చూస్తలేదు సాబ్, రాయుండ్రి" అంటే, ఆయన తల ఊపి, "అత్తమ్మ నన్ను కన్నబిడ్డలా చూసుకుంటున్నది" అని రాసేవాడు. చదివి వినిపించమంటే ఆమె చెప్పిందే వినిపించేవాడు. నెల తర్వాత మొగుడు అక్కడ ఎవరిచేతనో రాయించి పంపిన జవాబులో తిట్లుంటే, వాటిని మింగేసి, ఆ జాగాలో రెండు మంచి మాటలు పోసేవాడు. ఇట్లా పదేళ్ళపాటు ఎల్లారెడ్డిలో సగం కాపురాల్లో పెళ్ళాం మాట్లాడిందీ ఘనీ సాబుతోనే, మొగుడు మాట్లాడిందీ ఘనీ సాబుతోనే. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నామని అనుకున్నారు, అంతే.

దీనికి ఆయన దగ్గర ఒక సాకు ఉంది. డెబ్బై ఏడులో బిచ్కుంద నుంచి వెళ్ళిన ఒకతనికి తల్లి చనిపోయిందని ఉన్నదున్నట్టు రాశాడు. తర్వాతి నెలలో ఆ మనిషి పనిలో ఉండగా కర్రల మంచె మీంచి పడి చనిపోయాడని కబురొచ్చింది. ఆ ఉత్తరం వల్లే పడ్డాడని ఎవరూ అనలేదు. ఆ ఉత్తరం అతనికి అందిందో లేదో కూడా తెలియదు. కానీ తన కలానికి మనిషిని పడేసేంత బలం ఉందని నమ్మడం ఘనీ సాబుకు ఎక్కడో ఇష్టంగా ఉండి ఉంటుంది. "ఎడారిల ఉన్నోనికి ఏడుపు పంపొద్దు" అని ఒక సూత్రం కట్టుకుని, దాని కింద హాయిగా పడుకున్నాడు.

ఎనభై రెండు, ఎనభై మూడు నాటికి టేపు రికార్డర్లు దిగాయి. సెలవు మీద వచ్చిన ప్రతివాడి చంకలోనూ ఒకటి. ఇక ఉత్తరాలెందుకు? క్యాసెట్టు పెట్టి, ఎర్ర మీట నొక్కి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని మాట్లాడేయడమే. ఎవరు ముందు మాట్లాడాలని తగువు, ఆ తగువు కూడా టేపులోకి ఎక్కేది. ముసలమ్మలు దాన్ని నోటికి ఆనించుకుని, వాగు అవతలి వాళ్ళను పిలిచినట్టు అరిచేవారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి, అడగకపోయినా, "అన్నా, నాకో చేతి గడియారం తే" అని చెప్పిపోయేవారు.

"అక్కడ ఒక్క గదిల పన్నెండు మంది పండుకుంటరు. టేపు పెడితే పన్నెండు మంది ఇంటరు. పెండ్లాం గొంతు పన్నెండు మందికి ఇనిపించుడు ఇజ్జతేనా?" అని ఘనీ సాబు పోస్టాఫీసు ముందు గొంతు చించుకునేవాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ జనానికి కావలసింది ఇజ్జతు కాదు, గొంతు. రేకు పెట్టె ముందు వరుస సన్నబడింది.

ఇంతకూ ఆయన ఇంటి సంగతి చూడండి. భార్య చాంద్ బీ ఎప్పుడో కాలం చేసింది. ఉన్నది ఒక్కతే కూతురు, ఖదీజా. ఊరందరి ఉత్తరాలు రాసిన మనిషి సొంత బిడ్డకు తన పేరు రాయడం నేర్పలేదు. ఖురాన్ చదవడం మతపాఠాలు చెప్పే ఉస్తానీ దగ్గర నేర్చుకుంది, రాత మాత్రం లేదు. "నేను లేనా?" అనేవాడు. ఆమెను కామారెడ్డిలో లారీల షెడ్డులో పనిచేసే అబ్బాస్‌కిచ్చి పెళ్ళి చేశాడు. అబ్బాస్‌కు ముందూ వెనకా ఎవరూ లేరు. ఎనభై ఒకటిలో అతను సౌదీ వెళ్ళాడు. ఖదీజా పుట్టింటికి చేరింది. ఆర్నెల్లకు కొడుకు పుట్టాడు, జిలానీ.

మొగుడికి ఆమె రాయించే ఉత్తరాలు ఎవరు రాస్తారు? తండ్రే. తండ్రి కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఏ ఆడపిల్ల ఏం చెబుతుంది? "సలాం రాయి బాబా. మంచిగున్నమని రాయి" అని కొంగు చివర మెలిపెట్టుకుంటూ లేచిపోయేది.

పిల్లవాడికి రెండేళ్ళు నిండాయి. వెనక నుంచి పిలిస్తే తిరగడు. వంటింట్లో గిన్నె పడినా ఉలిక్కిపడడు. ఖదీజా పట్టుబట్టి తండ్రిని వెంటబెట్టుకుని కామారెడ్డి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు పిల్లవాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు, తాళంచెవుల గుత్తి ఆడించాడు. పిల్లవాడు బల్ల మీది సీసాతో ఆడుకుంటూనే ఉన్నాడు.

"వీనికి చెవులు ఇనపడ్తలెవ్వు. హైదరాబాద్ తీస్కపోండ్రి. చెవి మిషను ఎంత జల్ది పెడితే అంత మంచిది. ఇయ్యాల, రేపు అన్నరంటే మాట రాదు" అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో ఖదీజా మొదటిసారి తండ్రికి ఎదురుగా గట్టిగా మాట్లాడింది. "ఇది ఆయనకు రాయి బాబా. ఆయన వస్తెనే అయితది. హైదరాబాదుల నేనొక్కదాన్ని ఎక్కడ తిరుగుత?"

"రాస్త" అన్నాడు ఘనీ సాబు.

రాశాడు. ఏం రాశాడో చూడండి. "ఇక్కడ అందరం క్షేమం. మన జిలానీవి చిలక పలుకులు. నిన్న తలుపు పట్టుకుని నిలబడి 'అబ్బా' అని నిన్ను పిలిచాడు." కూతురికి మాత్రం డాక్టరు చెప్పిన మాటలన్నీ పొల్లుపోకుండా చదివి వినిపించాడు. జవాబు వచ్చింది. కొడుకు మాటలకు మురిసిపోయి అబ్బాస్ ఆ గదిలో అందరికీ ఖర్జూరాలు పంచాడట. ఘనీ సాబు దాన్ని కూతురికి ఇట్లా చదివాడు: "అల్లా మీద భారం వెయ్యి. పిల్లలు కొందరు ఆలస్యంగా మాట్లాడతారు. వచ్చినప్పుడు చూద్దాం."

ఇంట్లో అందరూ క్షేమమే కదా అని అబ్బాస్ కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించుకున్నాడు. కన్నకొడుక్కు చెవులు వినపడవని తెలిసీ కదలని మొగుణ్ణి ఖదీజా మనసులోనే తిట్టుకుంటూ, పిల్లవాడి మెడలో తాయెత్తు మీద తాయెత్తు కట్టింది. కంచే చేను మేస్తున్న సంగతి ఆమెకేం తెలుసు?

ఎనభై ఐదులో అబ్బాస్ ఒక టేపు రికార్డరు పంపాడు. దానితో ఉత్తరం: నా కొడుకు మాటలు చదివీ చదివీ అరిగిపోయాయి, ఇక వాడి గొంతు పంపండి.

ఇప్పుడు ఘనీ సాబు ఏం చెయ్యాలి? నిజం చెప్పడానికి దేవుడు చేతిలో పెట్టిన అవకాశం. ఆ బుద్ధి పుడితే ఆయన ఘనీ సాబు ఎందుకవుతాడు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అన్నేళ్ళు తిట్టిన టేపు రికార్డరును చంకన పెట్టుకుని, ముందు కూతురి చేత తన ఎదుటే "సలాం. మంచిగున్న. జల్ది రండి" అనిపించాడు. తర్వాత ఆమె నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి, ఎదురింటి శాంతవ్వ అరుగు మీదికి నడిచాడు. శాంతవ్వ మనవరాలు లిదియాకు నాలుగేళ్ళు, గలగలా మాట్లాడుతుంది. దాని చేతిలో ఒక బిస్కెట్టు పొట్లం పెట్టి, "అబ్బా, జల్దీ ఆవో, అను బిడ్డా" అన్నాడు. ఆ పిల్లకు ఉర్దూ వస్తుందా పాడా! నత్తి నత్తిగా, నవ్వుతూ, నాలుగుసార్లు అంది. ఘనీ సాబు మీట నొక్కి, మీసం దువ్వుకున్నాడు.

ఎంత చదివినా బుద్ధి గడప దాటలేదు. లిదియా తండ్రి రాజయ్య కూడా సౌదీలోనే ఉన్నాడు. ఆ ఇంటి కవర్ల మీద చిరునామా మూడేళ్ళు రాసింది ఘనీ సాబే. అబ్బాస్ కవరు మీదా, రాజయ్య కవరు మీదా అదే కంపెనీ, అదే పోస్టు బాక్సు నంబరు. అక్షరం అందంగా కుదిరిందా అని చూసుకున్నాడే తప్ప, ఆ రెండు కవర్లూ ఒకే గదికి పోతున్నాయని ఈ పండితుడికి తట్టలేదు.

రెండు నెలల తర్వాత రాజయ్య సెలవు మీద వచ్చాడు. సంచీ ఇంట్లో పెట్టి, నీళ్ళైనా తాగకుండా, అబ్బాస్ ఇచ్చిన క్యాసెట్టుతో ఎదురింటికి వచ్చాడు. ఘనీ సాబు ఎదురెళ్ళి చెయ్యి చాచాడు. రాజయ్య క్యాసెట్టును వెనక్కి తీసుకున్నాడు.

"ఖదీజక్క చేతికే ఇయ్యమన్నడు సాబ్. మీకు ఇయ్యొద్దన్నడు."

ఆమె చేతిలో పెట్టి, మీటలు చూపించి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. టేపు తిరిగింది. నాలుగేళ్ళ తర్వాత మొగుడి గొంతు, మధ్యలో ఎవరూ లేకుండా, ఆ గదిలో వినపడింది.

"ఖదీజా, జుమ్మా నాడు నమాజయినంక అందర్నీ కూసోబెట్టి టేపు పెట్టిన. పోరడు 'అబ్బా, జల్దీ ఆవో' అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. మూలకు అన్నం తింటున్న రాజయ్య పల్లెం పట్టుకునే లేశిండు. గిది నా బిడ్డ గొంతు అన్నడు. కొట్టేదాక పోయిన నేను. తన టేపు తెచ్చి పెట్టిండు. అదే పిల్ల, అదే నత్తి. ఖదీజా, నా దగ్గర నలభై ఉత్తరాలున్నయి. ఏడాదిన్నర సంది వచ్చినయన్నిట్ల పోరడు మాట్లాడుతున్నడు. మరి ఇంకొకల గొంతు ఎందుకు పంపిండ్రు? పోరడు ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పు. నిద్ర పడ్తలేదు."

దొంగకు తేలు కుట్టినట్టు ఘనీ సాబు గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆయనకు తెల్వదా?" అంది ఖదీజా. "ఏడాదిన్నర సంది తిట్టుకుంటున్న బాబా ఆయనను."

"పరాయి దేశం, ఒక్కడే ఉన్నడు, గుబులైతడని..." ఘనీ సాబు గొణిగాడు.

"గుబులు కావద్దని పోరని నోరు మూసినవా?" ఆమె లేచి తలుపు తీసింది. "బయటికి పో. నేను ఆయనతోని మాట్లాడాలె. నువ్వుంటె నాకు మాట రాదు."

"ఏ మీట నొక్కాల్నో నీకు..."

"నేర్చుకుంట."

ఆయన బయటికి నడిచాడు. లోపల ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం ఆగకుండా వస్తోంది. తన కూతురికి ఇన్ని మాటలున్నాయని ఘనీ సాబుకు ఆ రోజే తెలిసింది. సిగ్గుపడ్డాడని చెప్పాలని నాకూ ఉంది. కానీ ఆయన చేసిన మొదటి పని, శాంతవ్వను పిలిచి, "రాజయ్యకు ఇంత తొందర దేనికి?" అని దెప్పడం.

ఖదీజా టేపు అందిన వారానికే అబ్బాస్ కాంట్రాక్టు మొహాన కొట్టి దిగాడు. మామతో ఒక్క మాట అనలేదు, అదే పెద్ద మాట. పిల్లవాణ్ణి హైదరాబాద్ తీసుకుపోయాడు. రెండేళ్ళు ముందు తెస్తే బాగుండేదని అక్కడి డాక్టర్లు అన్నారు. మిషను పెట్టారు. చప్పుళ్ళు కొన్ని తెలిశాయి కానీ మాట రాలేదు. చెవిటి పిల్లల బడిలో వేశారు, వాడు చదువు నేర్చుకున్నాడు.

తొంభై దాటాక పోస్టాఫీసు ఎదురుగానే ఎస్టీడీ బూతు పడింది. అద్దాల గదిలో నిలబడి, తలకాయ మీద మీటరులో నంబర్లు పరుగెడుతుంటే, చెప్పవలసింది మరిచిపోయి, "ఆఁ... ఇంకేంది? ఆఁ... ఇంకేంది?" అని అరిచే జనాన్ని చూసి ఘనీ సాబు నవ్వేవాడు. అది నిజంగా నవ్వవలసిందే. కానీ ఆయన దగ్గరికి ఇప్పుడు మనియార్డరు ఫారం నింపించుకునే ముసలివాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు. కూతురు అల్లుడితో కామారెడ్డిలో వేరే ఉంటోంది. ఈద్ నాడు సేమ్యా పంపుతుంది, తాను రాదు.

తొంభై ఆరు ఎండాకాలం సెలవుల్లో, పద్నాలుగేళ్ళ జిలానీ ఒక్కడే బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చాడు. తాత ముందు నేల మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి రాసి ఇచ్చాడు: "తాతా, చిన్నప్పుడు నా బదులు లిదియా చేత టేపులో ఏమని చెప్పించావు? అమ్మను అడిగితే నిన్నే అడగమంది."

ఘనీ సాబు చుట్టూ చూశాడు. ఇది చదివి వినిపించి మార్చగల చీటీ కాదు. అడిగినవాడు రాతే చదువుతాడు. కలం తీసి, కింద రాశాడు: "నాన్నా, త్వరగా రా."

జిలానీ చదివి, ఆ కలమే చెయ్యి చాచి తీసుకుని, దాని కింద ఇంకో వరుస రాసి తాత చేతిలో పెట్టాడు. "నేనైతే అలా అనేవాణ్ణి కాదు. నాకు వినపడటం లేదని చెప్పేవాణ్ణి."

ఘనీ సాబు అలవాటు చొప్పున ఆ వరుసను రెండుసార్లు చదివాడు. అందులో దిద్దడానికి ఏమీ లేదు.