నవ్వుతూ విన్న హెచ్చరిక

2023లో నేను హిందూపురం దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్‌గా ఉన్నాను. కార్మికుల కష్టసుఖాలు మేనేజ్‌మెంట్‌కు, మేనేజ్‌మెంట్ మాటలు కార్మికులకు చేరవేయడం ఆ ఉద్యోగం.

ఒకరోజు ప్రొడక్షన్ మేనేజర్ పిలిచి, కటింగ్ సెక్షన్‌లో పనిచేసే నారాయణను తీసేస్తున్నామని చెప్పారు. బట్టను పొరలు పొరలుగా పరిచి మెషిన్ కత్తితో ముక్కలు కోసే చోటది. మేనేజర్ ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. "రోజూ సైరన్ మోగే వేళకే లోపల అడుగుపెడతాడు. ఎన్నిసార్లు హెచ్చరించినా నవ్వి థాంక్యూ అంటాడు. అంత పొగరు పనికిరాదు" అన్నారు ఇంగ్లీషులో.

నారాయణ నాకు తెలుసు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటివాడు. మగ్గం మీద ఇల్లు గడవక ఈ పనిలో చేరాడు. పెనుకొండ మీదుగా వచ్చే ప్యాసింజర్‌లో రోజూ వచ్చిపోయేవాడు. పొగరన్నది అతనిలో నేనెప్పుడూ చూడలేదు. పిలిపించి అడిగాను.

"సారు నీతో ఏమంటాండాడు నారాయణప్పా?"

"నా కటింగ్ బాగుండాదని అంటాడు మేడమ్. 'యూ ఆర్ కటింగ్ ఇట్ ఫైన్' అని. శానా సార్లు అన్నాడు."

ఆ ఇంగ్లీషు మాటకు కత్తిరింపుతో సంబంధం లేదు. వేళ మించిపోయే ఆఖరి క్షణం దాకా ఆగి వస్తున్నావని దాని అర్థం. అది మెల్లగా విడమరిచి చెప్పాను. ఉద్యోగం సంగతీ చెప్పాను.

"లేటని ఒక్క మాట చెప్పింటే తొలి బస్సుకే వస్తాంటి కదా మేడమ్" అన్నాడు. తర్వాత తండ్రి సంగతి ఎత్తాడు.

"నేసే ఇంట్లో పుట్టి బట్ట కోస్తావేమిరా అని మా నాయన నాతో మాట్లాడేది మానేసినాడు. పెద్ద సారే నా పని మెచ్చుకుంటాండాడని చెప్పినాకనే మల్లా మాట్లాడినాడు. మొన్న ఉగాదికి ముందర నాయన పోయినాడు. ఆయనకు నేను అబద్ధం చెప్పినట్టా మేడమ్?"

అతన్ని వెంటబెట్టుకుని మేనేజర్ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను, తండ్రి గురించి అడిగిన మాటతో సహా.

మేనేజర్ లేచి మమ్మల్ని వెంటబెట్టుకుని కటింగ్ టేబుల్ దాకా నడిచారు. నారాయణ అప్పటికి కోసి ఉంచిన కట్టలోంచి పై ముక్కను, అడుగు ముక్కను తీసి ఒకదాని మీద ఒకటి పరిచారు. అంచులు ఎక్కడా తేడా లేకుండా కలిశాయి.

"ఇతను కోసింది కుట్టేవాళ్లు ఎన్నడూ వెనక్కి పంపలేదు. ఇన్నాళ్లు ఓర్చుకున్నది అందుకే. వాళ్ల నాన్నకు చెప్పింది నిజమేనని చెప్పండి."

తెలుగులో చెప్పాను. నారాయణ ఆ రెండు ముక్కలనూ తిరిగి కట్టలో సర్ది, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

ఆనాటి నుంచి ఎవరికి ఏ హెచ్చరిక చేరవేసినా, "నీకేమర్థమైందో నీ మాటల్లో చెప్పు" అని అడుగుతాను. చెప్పేదాకా కూర్చుంటాను. ఒక్కోసారి దానికే పూటంతా పడుతుంది. పట్టనీ.